నిప్పుకో చట్టం, నీటికో చట్టం

మెదక్ పట్టణం చుట్టుపక్కల వరి మళ్ళకు నీరు మంజీర నుంచే వస్తుంది. ఏడుపాయల వనదుర్గ గుడి దగ్గర నిజాం కాలంలో కట్టిన ఘనపూర్ ఆనకట్ట, దాని రెండు పక్కలా మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువలు ఈ ప్రాంతపు సేద్యానికి నూరేళ్ళుగా ఆధారం. పై నుంచి ఏది కలిసి వచ్చినా ఈ కాలువలు కాదనలేవు. ఎగువన సంగారెడ్డి ప్రాంతంలో నక్కవాగు మంజీరలో కలుస్తుంది. ఆ వాగు పుట్టి పెరిగింది పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల మధ్య. ప్రమాదకర వ్యర్థాలను అదుపు చేయడానికి మన దేశం నేర్చుకున్న పాఠాల్లో పెద్ద భాగం ఈ వాగు ఒడ్డునే రాయబడింది.

పాత కాగితాల్లో ‘మెదక్’ అన్న పేరు కనబడితే అది పట్టణమని అనుకోకూడదు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయేదాకా మెదక్ జిల్లాకు కేంద్రం సంగారెడ్డి. కలెక్టరు, జిల్లా జడ్జి అక్కడే ఉండేవారు. పట్టణానికి దక్కింది పేరు మాత్రమే. ఇలాంటి గందరగోళమే ఇంకొకటుంది. మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ అనగానే మందుగుండు తయారయ్యే చోటని చాలామంది భావిస్తారు. 1984లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ ఎద్దుమైలారం కర్మాగారంలో తయారయ్యేవి పదాతిదళం ప్రయాణించే కవచ వాహనాలు. పేలుడు పదార్థాల పరిశ్రమ ఈ ప్రాంతానికి వేరే దారిన వచ్చింది, దాని చట్టమూ వేరే దారిన వచ్చింది.

ఆ చట్టం చాలా పాతది. 1874 అక్టోబరులో లండన్‌లోని రీజెంట్స్ కాలువ మీద మందుగుండు మోసుకుపోతున్న పడవ పేలింది. మరుసటి ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు పేలుడు పదార్థాల చట్టం చేసింది. 1884లో భారత ప్రభుత్వం అదే ధోరణిలో ఇక్కడ చట్టం తెచ్చింది. 1898లో తనిఖీ విభాగం పుట్టింది. నాగపూర్ కేంద్రంగా నేడు పనిచేస్తున్న ‘పెసో’ దాని వారసురాలే. 1914, 1940, 1983, 2008 సంవత్సరాల్లో నియమావళి మారింది, కాని దాని స్వభావం మారలేదు. తయారీ, నిల్వ, రవాణా, అమ్మకం, దిగుమతి అన్నింటికీ లైసెన్సు కావాలి. షెడ్డుకూ షెడ్డుకూ మధ్య ఇంత దూరం, ఊరికీ కర్మాగారానికీ మధ్య ఇంత దూరం ఉండాలి. చుట్టూ మట్టికట్టలు, లోపల నిప్పురవ్వ పుట్టని చెప్పులు, గేటు దగ్గర అగ్గిపెట్టె అప్పగించడం. ఇదంతా ఒకే ఒక్క క్షణాన్ని తప్పించడానికి. ఆ క్షణం రాకుండా గడిచిపోతే, సాయంత్రం కడిగిన నేల మీది నీళ్ళు ఎటు పోయాయో ఆ చట్టం ఆరా తీయలేదు. పందొమ్మిదో శతాబ్దపు చట్టం నుంచి ఆ ఆరా ఆశించడం కూడా న్యాయం కాదేమో.

హైదరాబాద్ శివార్లకు ఈ పరిశ్రమ 1961లో వచ్చింది. కూకట్‌పల్లిలో ఇండియన్ డిటోనేటర్స్ లిమిటెడ్, అంటే మన నోట్లో ఐడీఎల్, ఆనాటి ఊరికి దూరంగా వెలిసింది. గనులూ, రాతిక్వారీలూ, ప్రాజెక్టుల తవ్వకాలూ పెరుగుతున్న రోజులవి. సింగరేణిలో బొగ్గు రాలాలన్నా, నాగార్జునసాగర్ లాంటి కట్టడాలకు రాయి పగలాలన్నా డిటోనేటర్లు కావాలి. రక్షణ దూరం కోసం వదిలిన ఖాళీ చుట్టూ తర్వాత నగరం ముసురుకుంది. ఐడీఎల్ చెరువు అనే పేరు ఇప్పుడు కూకట్‌పల్లి వాసులకు బతుకమ్మలు, గణేశ్ నిమజ్జనాల గుర్తు. పేలుడు పదార్థాల కంపెనీ పేరు పండుగల తావుకు అతుక్కుపోవడం ఈ నగరంలోనే సాధ్యం. 1980లో మొదలైన ప్రీమియర్ ఎక్స్‌ప్లోజివ్స్ యాదగిరిగుట్ట దాపున పెద్దకందుకూరును ఎంచుకుంది. అక్కడ గని మందులతో మొదలైన పని తర్వాత క్షిపణుల ఘన ఇంధనం దాకా వెళ్ళింది.

ఈ తయారీలో మిగిలేదేమిటో కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే చిక్కంతా అందులోనే ఉంది. ఎక్కువ శక్తిమంతమైన పేలుడు పదార్థాలు పుట్టేది నైట్రేషన్‌తో. నత్రికామ్లం, గంధకామ్లం కలిపిన మిశ్రమంలో మూలపదార్థాన్ని వేస్తారు. పదార్థం తయారయ్యాక వాడిన ఆమ్లం మిగులుతుంది. తయారైనదాన్ని పదేపదే కడగాలి, ఎందుకంటే ఆమ్లం ఆనవాలు మిగిలితే నిల్వలో అది కుళ్ళి ప్రమాదం తెస్తుంది. అంటే భద్రత కోసం ఎంత కడిగితే అన్ని మురికినీళ్ళు. టీఎన్‌టీ శుద్ధిలో వచ్చే ఎర్ర నీరు, దాన్ని గుళ్ళలో నింపే షెడ్ల నుంచి వచ్చే గులాబీ నీరు ప్రపంచంలోని ప్రతి ఆయుధ కర్మాగారానికీ తెలిసినవే. క్షిపణి ఇంధనంలో వాడే అమ్మోనియం పెర్‌క్లోరేట్ నీటిలో ఇట్టే కరిగి భూగర్భంలో దూరదూరాలకు పోతుంది. థైరాయిడ్ గ్రంథికి అందాల్సిన అయోడిన్‌ను అడ్డుకుంటుంది. కేరళలో ఆలువా దగ్గర ఇస్రోకు ఈ పదార్థం తయారుచేసే ప్లాంటు ఉంది. దాని సమీప గ్రామాల బావుల్లో పెర్‌క్లోరేట్ బయటపడిన తర్వాతే మన దేశంలో దీని గురించి మాట్లాడడం మొదలైంది.

డిటోనేటర్లది ఇంకో కథ. వాటిలో మొదట అంటుకునే మందు లెడ్ ఎజైడ్ లాంటిది. చిన్న తాకిడికే పేలగల పదార్థం. దాని తయారీలో మిగిలిన ద్రవాన్ని అలాగే వదలకూడదు కాబట్టి సోడియం నైట్రైట్, ఆమ్లం కలిపి పేలే గుణాన్ని చంపేస్తారు. ఎజైడ్ విరిగి వాయువై పోతుంది. సీసం మాత్రం ఎక్కడికీ పోదు, నీటిలోనే ఉంటుంది. భద్రతాధికారి దృష్టిలో పని అక్కడితో పూర్తయింది. నీటిని చూసేవాడి దృష్టిలో అప్పుడే మొదలైంది. నిప్పుకు భయపడే చట్టం ముగిసిన చోట నీటికి భయపడే చట్టం అందుకోవాలి. ఆ రెండో చట్టం కోసం దేశం 1974 దాకా ఆగింది.

నీటి కాలుష్య నివారణ చట్టం ఆ ఏడాది వచ్చింది. 1976లో ఆంధ్రప్రదేశ్‌లో కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. సరిగ్గా అదే దశకంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ కూడా మొదలైంది. వెనకబడిన జిల్లా కనుక రాయితీలు, నగరానికి ఆనుకుని ఉంది కనుక మార్కెట్టు, ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవారు సొంతంగా కంపెనీలు పెట్టుకునే ఉత్సాహం. 1980లో ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ స్థానం నుంచి గెలిచాక పరిశ్రమలకు ఇంకా ఊపొచ్చింది. బల్క్ డ్రగ్స్, పురుగుమందులు, రంగుల మధ్యస్థ రసాయనాలు ఇక్కడ ప్రధానం. పేలుడు పదార్థాల పరిశ్రమ ఇక్కడ పేరుకు లేకపోయినా, దాని రసాయనశాస్త్రం మాత్రం ఉంది. నైట్రేషన్ చేసే రియాక్టర్ లోపల జరిగేది మందుకైనా, రంగుకైనా, బాంబుకైనా ఒకటే. వాడిన ఆమ్లం, నైట్రో సమ్మేళనాల మురికినీరు, ఉప్పుల బురద కూడా అవే. అందుకే పేలుడు పరిశ్రమ వ్యర్థాల చరిత్రను మెదక్ జిల్లా గుండా చదవడం తప్పు దారి కాదంటాను.

నక్కవాగు నీళ్ళ రంగు మారింది. ఖాజీపల్లి చెరువు, ఆసానికుంట, గండిగూడెం చెరువు లాంటివి వరస పెట్టి చెడిపోయాయి. పంటలు పోయాయి, బావులు పనికిరాకుండా పోయాయి. చర్మరోగాలతో, కడుపునొప్పులతో తన దగ్గరికి వచ్చే రైతులను చూస్తూ పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు ఇది మందుచీటీతో తేలే వ్యవహారం కాదని గ్రహించారు. ఉస్మానియా ఆచార్యుడు కె. పురుషోత్తంరెడ్డి కాలుష్య వ్యతిరేక ఉద్యమానికి గొంతయ్యారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో వేసిన 1056 నంబరు రిట్ పిటిషన్‌తో ఈ వాగు ఢిల్లీకి చేరింది.

ఆ సమయానికి చట్టపరంగా ఓ కొత్త ఆయుధం చేతికొచ్చింది. 1984 డిసెంబరు భోపాల్ విషవాయు దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, దాని కింద 1989 జూలై 28న ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. వ్యర్థాలను 18 తరగతులుగా విభజించారు. సైనైడ్, పాదరసం, సీసం, ద్రావకాలు, రంగులు, తారు, పురుగుమందులు, ఆమ్లాలు, ఖాళీ డబ్బాలు అన్నీ ఉన్నాయి. పేలుడు పదార్థాల తయారీ అన్న పేరు ఏ తరగతికీ లేదు. అది వేరే శాఖ వ్యవహారమని నిబంధన రాసినవారు అనుకున్నారేమో. దాని ఆమ్లం 16వ తరగతి కిందికీ, సీసం 3వ తరగతి కిందికీ, బురద 12వ తరగతి కిందికీ విడివిడిగా వెళ్ళాలి. ఒకే షెడ్డు నుంచి వచ్చినదాన్ని మూడు ముక్కలు చేసి చూడమన్నమాట.

అమెరికావాళ్ళు మరో దారి పట్టారు. తమ 1976 నాటి వ్యర్థాల చట్టం కింద 1980లో ప్రకటించిన జాబితాల్లో పేలుడు పరిశ్రమకు ప్రత్యేకంగా నాలుగు సంకేతాలిచ్చారు. పేలుడు పదార్థాల మురికినీటి శుద్ధిలో వచ్చే బురద కే044, ఆ నీటిని వడగట్టిన బొగ్గు కే045, సీసం ఉన్న మొదటి మందుల తయారీ బురద కే046, టీఎన్‌టీ గులాబీ, ఎర్ర నీళ్ళు కే047. వీటిలో మూడింటిని పేలే గుణం చూసి చేర్చారు. కే046 పక్కన ఉన్నది మాత్రం విషం గుర్తు. పైన చెప్పిన లెడ్ ఎజైడ్ కథ ఈ ఒక్క అక్షరంలో ఇమిడి ఉంది. అయితే అమెరికన్లూ గొప్పలు చెప్పుకునే పనిలేదు. ప్రమాదకర వ్యర్థాలను బయట తగలబెట్టడం నిషేధించిన ఆ 1980 నిబంధనలే, వేరే దారిలేని వ్యర్థ పేలుడు పదార్థాలకు మినహాయింపు ఇచ్చాయి. తాత్కాలికం అనుకున్న ఆ మినహాయింపు నాలుగు దశాబ్దాలు నిలిచింది. దాన్ని బిగించే ప్రతిపాదన 2024లో గాని రాలేదు.

సుప్రీంకోర్టు మెదక్ జిల్లా జడ్జిని నివేదిక ఇమ్మంది. నష్టపోయిన రైతులకు పరిహారం, గ్రామాలకు తాగునీరు ఇవ్వాలని ఆదేశాలిచ్చింది. ఆ కేసు నడుస్తుండగానే అదే సంస్థ వేసిన మరో కేసులో 1996 ఫిబ్రవరిలో చారిత్రక తీర్పు వచ్చింది. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి బిచ్ఛ్రి గ్రామంలో నాఫ్తలీన్‌ను నైట్రేషన్‌తో సహా పలు దశలు దాటించి హెచ్ ఆమ్లం అనే రంగుల రసాయనం చేశారు. తయారైనది సుమారు 375 టన్నులు, దాని వెంట పుట్టిన బురద సుమారు 2,440 టన్నులు. కర్మాగారాలు మూతపడ్డా బావుల నీళ్ళు ముదురు రంగులోనే ఉన్నాయి. కాలుష్యం చేసినవాడే దాన్ని బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రం ఈ దేశపు చట్టంలో గట్టిగా నాటుకున్నది అక్కడే. 1999 జనవరిలో మన హైదరాబాద్ జంట జలాశయాల ఎగువన ఓ నూనెల కర్మాగారం విషయంలో, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి పిటిషనరుగా ఉన్న కేసులో, ప్రమాదం లేదని రుజువు చేసే బాధ్యత పరిశ్రమదేనని సుప్రీంకోర్టు తేల్చింది. ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితేనే మెదక్ రైతు కేసు బలం తెలుస్తుంది.

సూత్రాలు కోర్టులో పుడుతుండగా పటాన్‌చెరులో మురికినీటి ట్యాంకర్లు తిరుగుతున్నాయి. 1994లో పటాన్‌చెరు ఎన్విరోటెక్ అనే ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైంది. చిన్న కంపెనీ ఒక్కటే శుద్ధి యంత్రాలు పెట్టుకోలేదు కాబట్టి అందరి మురికినీటినీ ఒకచోట చేర్చి శుద్ధి చేయడం దీని ఆలోచన. కాగితం మీద బాగానే ఉంది. కాని ఉమ్మడి కేంద్రంలో మురికిని తినే పని సూక్ష్మజీవులది. ఉప్పు విపరీతంగా ఉన్న నీరు, నైట్రో సమ్మేళనాలు, మందుల అవశేషాలు ఒకేచోట పోస్తే ముందు చచ్చేది అవే. పది రకాల వ్యర్థాలను కలపడం వల్ల వాటి గాఢత తగ్గుతుంది, దాన్నే శుద్ధి అనుకునే పొరపాటు మన పాలనలో చాలాకాలం నడిచింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ఈ కేంద్రం పేరును ప్రపంచానికి చేర్చింది. దాదాపు 90 ఔషధ కర్మాగారాల నీటిని తీసుకునే ఈ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటకు పోతున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనబడింది.

తర్వాత జరిగినది మరీ విచిత్రం. శుద్ధి చేసిన ఆ నీటిని నక్కవాగులోకి వదలకుండా 18 కిలోమీటర్ల గొట్టం వేసి నగరపు మురుగు కాలువకు, అక్కడి నుంచి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి పంపారు. నక్కవాగు నీళ్ళు మంజీర మీదుగా గోదావరికి చేరతాయి. అంబర్‌పేట నీళ్ళు మూసీ మీదుగా కృష్ణకు చేరతాయి. ఓ నదీ పరీవాహకం కష్టాన్ని మరో దానికి మార్చడాన్ని పరిష్కారంగా లెక్కగట్టారు. మెదక్ ఆయకట్టుకు అది ఊరటే. మూసీ ఆయకట్టులో ఉన్న నల్లగొండ రైతును ఎవరూ అడిగినట్టు లేదు.

ద్రవం సంగతి అలా ఉంటే, ఘనవ్యర్థాలకు 2001లో దుండిగల్‌లో చోటు దొరికింది. మెదక్ జిల్లా పొలిమేరకు దగ్గరగా రాంకీ సంస్థ నెలకొల్పిన శుద్ధి, నిల్వ, ఖనన కేంద్రంలో అడుగున ప్లాస్టిక్ పొరలు, బంకమట్టి పొరలు పరిచిన గుంతలున్నాయి. తర్వాత కాల్చే కొలిమి కూడా చేరింది. కర్మాగారాల వెనకాల గుట్టలుగా పడి ఉన్న బురదకు తొలిసారి లెక్క, బరువు, ఫారం వచ్చాయి. ఆ రోజుల్లోనే ఎం.జి.కె. మీనన్ కమిటీ దేశమంతటా ప్రమాదకర వ్యర్థాల స్థితి పరిశీలించింది. 2003 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో మండళ్ళు కదలక తప్పలేదు.

అయితే పేలుడు వ్యర్థాలకు దుండిగల్ కూడా తలుపు తీయలేదు. తీయకూడదు కూడా. దెబ్బ తగిలితే పేలే పదార్థాన్ని, తీవ్రంగా ఆక్సిజన్ వదిలే పదార్థాన్ని గుంతలో పూడ్చకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలే చెబుతున్నాయి. దానికి కారణం అర్థమవుతూనే ఉంది. బుల్డోజరు తిరిగే చోట అలాంటివి పూడిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

పరిశ్రమ స్వయంగా మారడం ఈ కథలో సగం మేలు చేసింది. 2004 ఏప్రిల్ 1 నుంచి నైట్రోగ్లిజరిన్ ఆధారిత గని మందులను కేంద్రం నిషేధించింది. కార్మికుల భద్రతే దీనికి ప్రధాన కారణం. ఆ నిషేధంతో వాటి ఆమ్లపు కడుగునీళ్ళు కూడా తెరమరుగయ్యాయి. అమ్మోనియం నైట్రేట్‌తో చేసే స్లర్రీలు, ఎమల్షన్లు ఆ చోటును ఆక్రమించాయి. సింగరేణి ఓపెన్‌కాస్ట్‌ల్లో ఇప్పుడు బ్లాస్టింగ్ మందు చాలావరకు బండిలో అక్కడికక్కడే కలిపి రంధ్రాల్లో పోస్తారు. 2012లో అమ్మోనియం నైట్రేట్‌కు విడిగా నియమావళి వచ్చింది. ఎనిమిదేళ్ళ తర్వాత బీరూట్ రేవు పేలినప్పుడు ఆ నియమాల అవసరం అందరికీ తెలిసొచ్చింది. దొంగతనం, నిల్వ, రవాణా ఆ నియమాల్లో ఉన్నాయి. బండి కడిగిన నీళ్ళలోని నైట్రేట్ మళ్ళీ నీటి చట్టం పాలే.

ప్రస్తుతం అమల్లో ఉన్న 2016 ఏప్రిల్ నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూల్లో 38 రకాల పారిశ్రామిక ప్రక్రియలు ఉన్నాయి. మందులు, పురుగుమందులు, తోళ్ళు, కాగితం, చివరికి తుడుపు గుడ్డల దాకా ఉన్నాయి. పేలుడు పదార్థాల తయారీ ఇప్పటికీ పేరుతో లేదు. అది రెండో షెడ్యూల్లో గుణం రూపంలో దూరుతుంది. మండే, తినేసే, చర్య జరిపే లేదా పేలే, విషమైన వంటి గుణాల్లో మూడోదిగా. ప్రమాదకర వ్యర్థాలపై అంతర్జాతీయ బాసెల్ ఒడంబడిక జాబితాలో పేలే గుణం మొదటిది, హెచ్1. మన దగ్గర అది మూడో వరసలో ఉంది. పేరుతో ఉంటే అధికారి వెతుక్కుంటూ వస్తాడు, గుణంతో ఉంటే పరిశ్రమ తానే పరీక్షించి చెప్పాలి. మండళ్ళ వర్గీకరణలో డిటోనేటర్లు, పేలుడు పదార్థాల తయారీ అత్యంత కాలుష్యకారక పరిశ్రమల ఎరుపు తరగతిలో ఉండడం ఈ లోటును కొంతే పూరిస్తుంది.

1990 నాటి పిటిషన్ 2001లో హైకోర్టుకు, 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచికి వెళ్ళి 2017లో తీర్పు దాకా వచ్చింది. మధ్యలో 2009లో పటాన్‌చెరు-బొల్లారం కాలుష్య సూచీలో 70.07 మార్కులతో దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేరింది. 2016 విభజనలో నక్కవాగు సంగారెడ్డి జిల్లాకు, ఘనపూర్ ఆనకట్ట మెదక్ జిల్లాకు పోయాయి. ఎగువ, దిగువ ఇప్పుడు ఇద్దరు కలెక్టర్ల కింద ఉన్నాయి.

వ్యర్థం కర్మాగారం గేటు దాటిందంటే దాని వెంట పదో నంబరు ఫారం వెళ్ళాలి. ఎవరు పంపారు, ఎవరు మోశారు, ఎవరు అందుకున్నారు అన్నది అందులో తేలుతుంది.  పాడైన పేలుడు పదార్థాన్ని మాత్రం అలా బయటికి పంపడమే ప్రమాదం. అందుకే దాన్ని సాధారణంగా ఆవరణలోనే, ఊరికీ షెడ్లకూ దూరంగా, లైసెన్సు షరతుల ప్రకారం పలచగా పరిచి తగలబెడతారు. ఆ కాల్చే మైదానం ‘పెసో’ ఆమోదించిన నక్షాలో ఉంటుంది. దాని కింది నేలలో సీసం, పెర్‌క్లోరేట్ ఎంత ఉన్నాయో చూడాల్సింది కాలుష్య మండలి. అక్కడి బూడిద ఏటా జూన్ 30లోగా పంపే నాలుగో నంబరు ఫారంలో ఓ వరసగా మండలికి చేరుతుంది, అదీ యజమాని రాస్తేనే.